ఎనిమిదింటి సూది

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందుల్లో ఎవరిని అడిగినా ఎస్‌క్యూఎల్ మేడం ఎక్కడ పాఠం చెబుతుందో చూపిస్తారు. మూడో అంతస్తు. లిఫ్టు లేదు. పొద్దున ఏడింటికి ఒక బ్యాచి, సాయంత్రం ఒక బ్యాచి. కంపెనీలు తమ దగ్గరున్న పేర్లూ జీతాలూ చిరునామాలూ కంప్యూటర్లో ఎలా దాచిపెడతాయో, దాచినవాటిని ఎలా అడిగి తీసుకోవాలో పదకొండేళ్లుగా దివ్యశ్రీ ఆ గదిలో నిలబడి చెబుతోంది. మైకు వాడదు. వెనక బెంచీలో కునుకు తీసేవాడికి కూడా ఆమె గొంతు వినబడి తీరుతుంది.

ఆ ఆగస్టులో సాయంత్రం బ్యాచివాళ్లు ఒక కొత్త సంగతి గమనించారు. ఏడూ యాభై అయ్యేసరికి మేడం బోర్డు మీద ఒక ప్రశ్న రాసి, "పావుగంట టైం. పక్కోళ్ల స్క్రీన్ చూస్తే నాకు తెలిసిపోతుంది" అని చెప్పి బయటికి వెళ్తుంది. ఎనిమిదీ అయిదుకి వచ్చి, ఏమీ జరగనట్టే పాఠం అందుకుంటుంది.

ఆ పావుగంటా ఆమె మంచినీళ్ల క్యాన్లు పెట్టే చిన్న గదిలో ఉండేది. గడియ పెట్టుకుని, చల్లదనం పోకుండా చిన్న సంచీలో తెచ్చుకున్న సూదిమందు తీసి, బొడ్డు కింద రెండు వేళ్ల దూరంలో చర్మం పట్టుకుని పొడుచుకునేది. మొదటి రోజు మూడుసార్లు దగ్గరికి తెచ్చి మూడుసార్లు వెనక్కి తీసుకుంది. నాలుగో రోజుకి జడ వేసుకున్నంత మామూలైపోయింది.

దివ్యశ్రీకి ముప్పై నాలుగేళ్లు. పెళ్లి కాలేదు. తన కడుపులోని అండాలను బయటికి తీయించి, గడ్డకట్టించి, కావలసినప్పుడు వాడుకునేలా దాచుకోవాలని నిర్ణయించుకుంది. ఆ సూదులు అందుకే.

ఆ ఆలోచన వచ్చింది జూన్‌లో. పక్క గదిలో టెస్టింగ్ కోర్సు చెప్పే సుమశ్రీ ముప్పై ఎనిమిదేళ్లకి పెళ్లి చేసుకుని, పిల్లల కోసం రెండేళ్లుగా ఆస్పత్రుల చుట్టూ తిరుగుతోంది. ఒకరోజు టీ తాగుతూ, "నీ వయసులో ఉన్నప్పుడు నాకు ఎవరైనా ఒక్క మాట చెప్పుంటే బాగుండేది దివ్యా" అంది. ఏడవలేదు, నిట్టూర్చలేదు. కప్పు కడిగి పెట్టి క్లాసుకి వెళ్లిపోయింది. ఆ వారంలోనే దివ్యశ్రీ పంజాగుట్టలో సంతానం కోసం వైద్యం చేసే ఒక ఆస్పత్రికి వెళ్లింది.

అక్కడి డాక్టర్ ఛాయాదేవి యాభై దాటిన మనిషి. మొదటి ప్రశ్నే, "మీ అమ్మగారికి నెలసరి ఎన్నో ఏట ఆగిపోయింది?" అని. దివ్యశ్రీకి తెలియదు. వరండాలోకి వెళ్లి ఇంటికి ఫోన్ చేసింది.

"గదంత నీకెందుకే గిప్పుడు?" అంది తల్లి రాజమ్మ.

"చెప్పమ్మా. డాక్టరమ్మ అడుగుతుంది."

"నువ్వు రెండో తరగతిల ఉన్నవ్. ముప్పై తొమ్మిదేండ్లకే బందైంది." అని, ఒక్క క్షణం ఆగి, "ఏ డాక్టరమ్మ?" అంది. దివ్యశ్రీ ఇంటికి వచ్చి చెబుతానంది.

రక్తపరీక్ష, స్కానింగ్ అయ్యాక ఛాయాదేవి కాగితాలు బల్ల మీద పరిచింది. "మీ వయసుకి ఉండాల్సినదానికన్నా తక్కువే ఉన్నాయండి. కంగారు పడాల్సినంత కాదు. కానీ నాలుగైదేళ్లు ఆగి వస్తే మాత్రం నేనేం చెప్పలేను."

"ఇప్పుడు తీసి దాచుకుంటే?"

"ముప్పై నాలుగేళ్లప్పుడు తీసిన అండానికి ఆ తర్వాత వయసు పెరగదు. మీకు నలభై వచ్చినా దానికి ముప్పై నాలుగే. మన చట్టం ప్రకారం పదేళ్ల దాకా దాచుకోవచ్చు. అయితే దివ్యశ్రీ గారూ, దాచిన ప్రతి అండమూ బిడ్డ అవుతుందని నేను చెప్పను. అలా చెప్పే డాక్టరు దొరికితే అక్కడికి వెళ్లకండి."

ఆ చివరి మాట దివ్యశ్రీకి నచ్చింది. తెలియనిది తెలియదని చెప్పేవాళ్లంటే ఆమెకి మొదటినుంచీ గురి. కారు కొనుక్కుందామని దాచుకున్న డబ్బు ఉంది. కారు లేకుండా ఇన్నేళ్లు గడిచింది, ఇంకొన్నేళ్లు గడుస్తుంది అనుకుంది.

కింద కౌంటర్లో పేరు రాయించుకునే దగ్గర చిన్న చిక్కు వచ్చింది. కౌంటర్ అమ్మాయి హైందవి కంప్యూటర్లో ఒక్కొక్కటీ నింపుకుంటూ వచ్చి, "భర్త పేరు చెప్పండి మేడం" అంది.

"పెళ్లి కాలేదండి."

"అది ఖాళీగా వదిలేస్తే ముందుకు పోవట్లేదు మేడం. పోనీ మీ నాన్నగారి పేరు పెట్టనా?"

"మా నాన్న పోయి పన్నెండేళ్లయింది. ఆయన్ని ఇందులోకి ఎందుకు లాగడం? ఈ సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లకి ఒకసారి ఫోన్ కలపండి."

హైందవి భయపడుతూనే కలిపింది. దివ్యశ్రీ అవతలి మనిషికి ఆ గడి ఖాళీగా ఉన్నా ఒప్పుకునేలా ఏం మార్చాలో, ఎక్కడ మార్చాలో నిదానంగా చెప్పింది.  అవతలినుంచి, "మేడం, మీరు అమీర్‌పేట దివ్యశ్రీ మేడమేనా? నేను అభిలాష్‌ని మేడం. రెండు వేల పంతొమ్మిది, పొద్దున బ్యాచి" అని వినబడింది.

"అభిలాష్, ఖాళీ గడి గురించి మీకు మూడు రోజులు చెప్పిన గుర్తుందా?"

"సాయంత్రానికి మార్చేస్తా మేడం."

సాయంత్రం దాకా కూడా పట్టలేదు. భర్త పేరు దగ్గర ఏమీ రాయకుండానే ఆమె పేరు ఆస్పత్రి పుస్తకాల్లోకి ఎక్కింది.

ఇక తల్లికి చెప్పాలి. వాళ్లిల్లు సనత్‌నగర్‌లో. తండ్రి మొగిలయ్య అక్కడి పంపుల కార్ఖానాలో లేతు మిషను మీద పనిచేసేటప్పుడు కట్టిన రెండు గదులు, మీద డాబా. ఆదివారం మధ్యాహ్నం రాజమ్మ గోంగూర ఆకు తెంపుతూ కూర్చుంది. దివ్యశ్రీ ఎదురుగా కూర్చుని, దాపరికం లేకుండా మొదటినుంచి చివరిదాకా చెప్పింది. రాజమ్మ చేతులు ఆగలేదు గానీ, తెంపిన ఆకు కాడల్లో పడుతోంది, కాడలు ఆకులో పడుతున్నాయి.

"గుడ్లు తీస్తరా? నువ్వేమన్న కోడివానే?"

దివ్యశ్రీకి నవ్వొచ్చింది. రాజమ్మ నవ్వలేదు.

"నీకేమన్న రోగమున్నదా? నిజం చెప్పు బిడ్డా."

"రోగం లేదమ్మా. నీకు తొందరగ బందైంది గద, నాకు సుత గట్లనే అయ్యేటట్టున్నది. అందుకే ముందుగాల్నే తీసి పెట్టుకుంట అంటున్న."

"మరి పెండ్లి జేస్కో. దినేశ్ సంబంధం ముంగటనే ఉన్నది. పెండ్లయితే పిల్లలైతరు."

"అయితే మంచిదే. కాకుంటే?"

రాజమ్మ కాడల్లో పడ్డ ఆకు ఏరింది. "పెండ్లి గాని పిల్ల గా దవాఖానకు వోతే మంది ఏమంటరే?" అంది, తనలో తాను అనుకున్నట్టు. అప్పటినుంచి రెండు రోజులు తల్లీకూతుళ్ల మధ్య అన్నం, నీళ్లు, తాళంచెవి తప్ప వేరే మాట లేదు. మూడో రోజు సూదిమందులు ఇంటికి వచ్చాయి. రాజమ్మ ఫ్రిజ్‌లో నడిమి అర మీదినుంచి పెరుగు గిన్నె, పచ్చడి సీసా తీసేసి, తడిగుడ్డతో తుడిచి, అర ఖాళీ చేసి పక్కకి జరిగింది. ఒప్పుకున్నట్టు కాదు. వద్దన్నట్టూ కాదు.

దినేశ్ సంబంధం తెచ్చింది రాజమ్మ అన్న రాజనర్సయ్య. దినేశ్‌కి ముప్పై ఆరు, బేగంపేటలో బ్యాంకు ఉద్యోగం. పెద్దవాళ్లు ఒకసారి, వీళ్లిద్దరే రెండుసార్లు కలిశారు. నవ్వితే కళ్లు చిన్నవైపోయే మనిషి. అవతలివాళ్లు చెబుతుంటే మధ్యలో అడ్డుపడడు. దివ్యశ్రీకి అతనంటే ఇష్టం కలుగుతోంది. అందుకే సూదులు మొదలైన ఆరో రోజు, శనివారం, పంజాగుట్టలో ఇరానీ హోటల్లో కూర్చుని మొత్తం చెప్పేసింది.

"నొప్పి లేస్తదా?" అని అడిగాడు దినేశ్. ఆ ప్రశ్నకి ఆమె మనసు మెత్తబడింది.

"సూదికి అంత లేదు. కడుపు ఉబ్బినట్టుంటది. బట్టలు బిగుతైతున్నయి."

దినేశ్ తలూపాడు. చాయ్ కప్పు సాసర్లో అటూ ఇటూ తిప్పాడు. "మా అమ్మకు మాత్రం చెప్పకు దివ్యా."

"ఎందుకు?"

"ఆమెది పాతకాలం. పిల్లలు గారేమో అనుకుంటది."

"అనుకుంటే నన్ను అడుగుమను. కూసోవెట్టి చెప్త. దాచిపెట్టే ముచ్చటేమున్నది గిందుల?"

అతను బిల్లు తెప్పించాడు. రెండు రోజుల తర్వాత ఫోన్ చేశాడు. గొంతులో ఉత్సాహం ఉంది, ఏదో దారి దొరికినట్టు. "మస్తు ఆలోచించిన దివ్యా. గీ సూదులన్నీ ఆపెయ్. దీపావళి దాటంగనే పెండ్లి చేసుకుందాం. జల్దీ పిల్లల్ని కందాం. గప్పుడు గివన్నీ అవసరమే రావు కద!"

 ఆ మాటల్లో ప్రేమ లేకపోలేదు. కానీ వాటిని మోస్తున్నది భయం. "దినేశ్, మనిద్దరమే కలిసింది మూడుసార్లు. నేను నీకు సరిపోతనా, నువ్వు నాకు సరిపోతవా, ఇంకా చూసుకోవాలె. దానికి మనకు టైం కావాలె. ఆ టైం కోసమే గీ సూదులు. ఎవరో తరుముతున్నట్టు నేను పెండ్లి చేసుకోను."

"నేను మంచికే చెప్తున్న."

"నాకు తెలుసు. అయినా ఆపను."

మర్నాడు పొద్దున రాజమ్మకి ఫోన్ వచ్చింది. దినేశ్ తల్లి సీతాబాయి. రాజమ్మ ఎవరితో మాట్లాడినా స్పీకర్ పెట్టే మాట్లాడుతుంది. వాకిట్లో నల్లా దగ్గర గిన్నెలు తోముతోంది. దివ్యశ్రీ గడపలో నిలబడి టీ తాగుతోంది. ప్రతి మాటా వినబడింది.

"వదినా, గిదేం ముచ్చట? మీ పిల్ల పిల్లలు గానోళ్ల దవాఖానకు తిరుగుతుందంట. మావోడు నిన్న నోరు జారిండు కాబట్టి తెలిసింది. లోపమేమన్న ఉంటే ముందుగాల్నే చెప్పొద్దా?"

దివ్యశ్రీ ఫోన్ కోసం చెయ్యి చాపింది. రాజమ్మ ఆ చేతిని పక్కకి తోసి, ఫోన్‌ని గోడ మీద పెట్టి, చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంది. తొందర పడలేదు.

"లోపమేం లేదు వదినా. ఉంటే మీకు చెప్పకుంట మీ ఇంటికి పంపేదాన్ని గాదు. ఒక్క మాట చెప్త, వినుండ్రి. నాకు పెండ్లయిన పద్నాలుగేండ్లకు పుట్టింది నా బిడ్డ. గా పద్నాలుగేండ్లు మా అత్తగారింట్ల ఏ సీమంతానికి నన్ను పిలవలే. పిలవకుంట వోతే నాకు బొట్టు వెట్టలే. గాని ఎందుకైతలేదని ఒక్కలన్న దవాఖానకు తీస్కవోలే. గిట్లొకటి ఉంటదని చెప్పినోళ్లు లేరు. నా బిడ్డ సదువుకున్నది, తెలుసుకున్నది, తన సొంత కష్టంతోని చేసుకుంటున్నది. గిందుల సిగ్గువడేటిది నాకేం కనవడ్తలేదు."

అవతల సీతాబాయి తడబడింది. "అది గాదు వదినా. గవన్నీ బంద్ చేస్తేనన్న మేము..."

"బంద్ చేస్తెనే చేసుకుంటమంటె, మేమైతే బంద్ చెయ్యం. మీ పిలగానికి ఇష్టముంటే రమ్మనుండ్రి. లేకుంటే లేదు. ఉంట మరి."

ఫోన్ పెట్టేసి రాజమ్మ మళ్లీ గిన్నెల ముందు కూర్చుంది. దివ్యశ్రీ గడపలోనే నిలబడిపోయింది. తను ఆలస్యంగా పుట్టానని ఆమెకి తెలుసు. కానీ ఆ పద్నాలుగేళ్లు ఎలా గడిచాయో ఇంట్లో ఎవరూ ఎన్నడూ ఎత్తలేదు. తన తల్లి సీమంతాలకి వెళ్లకపోవడం పనుల వల్లే అనుకునేది.

"అమ్మా..."

"చాయ్ సల్లారుతుంది, తాగు. క్లాసుకు టైమైతలేదా?"

గురువారం పొద్దున స్కానింగ్‌లో ఛాయాదేవి తెర వైపు చూసి తృప్తిగా తలూపింది. "బాగా పెరిగాయి. ఈ సాయంత్రం చివరి సూది. సరిగ్గా ఎనిమిదింటికి. మిగతావాటిలా అయిదు నిమిషాలు అటూ ఇటూ కాదు. అక్కడినుంచి ముప్పై ఆరు గంటలు లెక్కపెట్టుకుని ఎల్లుండి పొద్దున ఎనిమిదింటికి తీస్తాం. గంట తేడా వస్తే ఇన్నాళ్ల కష్టం తేడా వస్తుంది."

ఆ మందు ఆస్పత్రి దుకాణంలో అయిపోయింది. మూడింటికల్లా ఇంటికే పంపుతామన్నారు, పంపారు కూడా. దివ్యశ్రీ లెక్క తేలిక. సాయంత్రం బ్యాచివాళ్లకి ఆ రోజు నమూనా ఇంటర్వ్యూలు. వాళ్లని ముందే రమ్మని ఏడింటికి ముగించి, మెట్రో ఎక్కి, ఏడున్నరకి ఇంట్లో ఉంటుంది. క్లాసు రద్దు చేసుకోవచ్చు. కానీ నెలరోజులుగా ఆ ఇంటర్వ్యూల కోసం తయారైనవాళ్లని తిప్పి పంపడం ఆమెకి ఇష్టం లేకపోయింది. ఆ ఒక్క తప్పూ ఆమెదే.

అయిదింటికి వాన మొదలైంది. క్లాసులో ఉన్నంతసేపూ ఫోన్ సొరుగులో పెట్టడం దివ్యశ్రీ నియమం. కిటికీలు మూసి, ట్యూబులైటు కింద ఒక్కొక్కరినీ ప్రశ్నలు అడుగుతూ ఉండిపోయింది. ఏడింటికి కిందికి దిగి చూసేసరికి సందు సందంతా మోకాళ్ల లోతు నీళ్లు. బైకులు వరసగా ఆగిపోయి ఉన్నాయి. ఒక్క ఆటో కదలడం లేదు. మెట్రో నడుస్తోంది గనక ఈఎస్ఐ స్టేషన్ దాకా ఇబ్బంది లేదు. అక్కడినుంచి ఇంటికి ఇరవై నిమిషాల నడక, ఈ నీళ్లలో అరగంట. సరిపోతుంది, బొటాబొటిగా. సూది బయట పెట్టి ఉంచమని చెబుదామని ఇంటికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. నాలుగుసార్లు చేసింది. తల్లి ఎత్తలేదు.

వానకి పక్కింటికి వెళ్లి ఉంటుందని సర్దిచెప్పుకుంది. కానీ రాజమ్మ ఫోన్ వదిలి వాకిలి దాటదు. దివ్యశ్రీ చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్లలోకి దిగింది. కడుపు బరువుగా ఉంది, గబగబా నడవొద్దని డాక్టరు చెప్పింది. గోడ పట్టుకుని ఒక్కో అడుగే వేసుకుంటూ సందు మలుపు దాకా వచ్చేసరికి, ఎదురుగా జిరాక్స్ దుకాణం మెట్ల మీద నిలబడ్డవాళ్లని ఎవరో గట్టిగా అడగడం వినబడింది.

"ఓ తమ్ముడూ! గీడ కంప్యూటర్ సదువు చెప్పే దివ్యశ్రీ మేడం ఏడుంటది? నా బిడ్డ!"

రాజమ్మ చీర మోకాళ్ల పైకి దోపుకుని ఉంది. తల మీద ఒక పాలిథిన్ సంచీ బోర్లించుకుంది. రెండు చేతులతో స్టీలు టిఫిన్ డబ్బాని గుండెకి హత్తుకుని పట్టుకుంది, చంటిపిల్లని పట్టుకున్నట్టు.

"అమ్మా! ఫోన్ ఎందుకు ఎత్తలే?"

"ఇంట్లనే వెట్టొచ్చిన. తడిస్తే ఖరాబు కాదూ?" రాజమ్మకి ఊపిరి అందడం లేదు. "టీవీల చూసిన, అమీర్‌పేట మునిగిందని చెప్తుండ్రు. ఇగ నువ్వొచ్చేది గాదని నేనే బయలెల్లిన. టైమెంతైంది?"

"ఏడున్నర గాలే. మెట్రోల ఒక్కదానివే వచ్చినవా?"

"ఆ నడిచే మెట్లున్నయి చూడు, గవ్వి ఎక్కలే. మామూలు మెట్లే ఎక్కిన. ఒక పిల్లను అడిగిన, టికెట్ ఇప్పిచ్చింది. పా, ముందు పా!"

తల్లీకూతుళ్లు ఒకరినొకరు పట్టుకుని మూడంతస్తులు ఎక్కారు. వాన తగ్గేదాకా ఉందామని క్లాసులోనే ఆగిపోయిన విద్యార్థులు, నిలువునా తడిసిన మేడంనీ, ఆమె వెనక డబ్బాతో ఉన్న ముసలామెనీ చూసి లేచి నిలబడ్డారు. క్యాన్ల గదిలో గడియ పెట్టుకున్నాక రాజమ్మ డబ్బా విప్పింది. అడుగు గిన్నెలో మంచుముక్కలు. నడిమి గిన్నెలో రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టిన సూదిమందు, చుక్క తడి లేకుండా. పై గిన్నెలో పెరుగన్నం.

"గిదెందుకమ్మా?"

"పొద్దుగాల తిన్నవ్. మల్ల తిన్నవా?"

దివ్యశ్రీ ఫోన్ ముందు పెట్టుకుని, మందు సిద్ధం చేసుకుని, నిమిషాలు చూస్తూ కూర్చుంది. ఈ పదకొండు రోజుల్లో ఇంట్లో ఉన్న ఒకటి రెండు సాయంత్రాలూ సూది తీయగానే రాజమ్మ మొహం తిప్పుకుని వంటింట్లోకి వెళ్లిపోయేది. ఇప్పుడు ఆ చిన్న గదిలో తిప్పుకోవడానికి చోటు లేదు. ఉన్నా తిప్పుకునేది కాదేమో. కూతురి భుజం మీద తడిచెయ్యి వేసి, కళ్లు పెద్దవి చేసుకుని చూసింది. ఎనిమిదైంది. సూది లోపలికి వెళ్లింది, మందు వెళ్లింది, సూది బయటికి వచ్చింది.

"అయిపాయెనా?"

"అయింది."

"గింతేనా?"

"ఇంతేనమ్మా."

"గింతదానికేనానే నేను పది రోజులు నిద్ర లేకుంట ఉన్నది!" అంది రాజమ్మ. ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక కూడా రాజమ్మ చెయ్యి భుజం మీదే ఉంది.

వాన తగ్గడానికి ఇంకో గంట పట్టింది. పిల్లలు ఊరికే కూర్చున్నారు కదా అని దివ్యశ్రీ మార్కర్ తీసుకుని పాఠం మొదలుపెట్టింది. రాజమ్మ వెనక బెంచీలో, ఎవరో ఇచ్చిన తువ్వాలు కప్పుకుని కూర్చుంది. పదకొండేళ్లలో కూతురు పాఠం చెప్పడం చూడటం అదే మొదలు. ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ముప్పై మంది తలలు కూతురు ఎటు నడిస్తే అటు తిరగడం కనబడింది. తిరిగి వెళ్లేటప్పుడు మెట్రోలో, "మీ నాయినకు సుత గిట్లనే ఉండె గొంతు. కార్ఖానల అన్ని మిషన్లు నడుస్తున్నా ఇనవడుతుండె" అంది. ఆ మాట దివ్యశ్రీ మనసులో చాలా దూరం వెళ్లింది.

శనివారం పొద్దున పంజాగుట్ట రోడ్డు ఖాళీగా ఉంది. ఏడింటికే ఆస్పత్రి చేరారు. వెంట వచ్చినవాళ్లు సంతకం చేయాలని నర్సు కాగితం ఇచ్చింది. రాజమ్మ కలం గట్టిగా పట్టుకుని, ఒక్కో అక్షరం దగ్గరా ఆగి తన పేరు రాసింది. వరస ఏమిటని అడిగి నర్సు రాయబోయింది గానీ, "నేనే రాస్త" అని తల్లి అనే మాట కూడా తనే రాసింది. అందులో ల వత్తు కాస్త పెద్దదైంది.

దివ్యశ్రీకి మత్తుమందు ఇచ్చారు. కళ్లు తెరిచేసరికి అంతా అయిపోయింది. పొత్తికడుపులో నెలసరి మొదటి రోజు ఉండేలాంటి నొప్పి. పక్కన రాజమ్మ, మంచం చివర ఛాయాదేవి.

"తొమ్మిది వచ్చాయండి. వాటిలో దాచడానికి పనికొచ్చేంత ఎదిగినవి ఏడు."

పన్నెండైనా వస్తాయని దివ్యశ్రీ ఆశపడింది. ఏడు అనగానే తల్లి వైపు చూసింది.  "ఏడు సరిపోతాయా డాక్టర్?"

"మంచివే. ఇంకొన్ని ఉంటే నాకు ఇంకాస్త ధైర్యంగా ఉంటుంది. రెండు నెలలు ఆగి ఇంకోసారి చేయించుకోగలిగితే బాగుంటుంది. మీ ఇష్టం."

అక్టోబర్‌లో దసరా సెలవులకి రెండు బ్యాచిలూ ఉండవు. దివ్యశ్రీ మనసులో తేదీలు సరిచూసుకుంది. ఏడు తక్కువే కావచ్చు. కానీ నిన్నటిదాకా ఒక్కటీ లేదు. "దసరా తర్వాత వస్తానండి" అంది. గొంతు మామూలుగానే ఉంది.

ఛాయాదేవి వెళ్లబోతుంటే రాజమ్మ లేచి నిలబడింది. "డాక్టరమ్మా, జర ఆగుండ్రి. నాకు కొన్ని డౌట్లున్నయి."

డాక్టరు కుర్చీ లాక్కుని కూర్చుంది. "అడగండమ్మా."

"గవ్వి ఐసులనే ఉంటయి గద. మరి కరెంటు వోతే?"

"కరెంటుతో పని లేదమ్మా. చాలా చల్లటి ద్రవం పోసిన పెద్ద డబ్బాల్లో ఉంటాయి. అది తగ్గకుండా మావాళ్లు చూసుకుంటూ పోస్తూ ఉంటారు."

"మందియీ మాయీ కలిసిపోవు గద?"

ఛాయాదేవి చేతిలోని కాగితం చూపించింది. దివ్యశ్రీ పేరు, నంబరు, తేదీ, కింద నల్లగీతల చీటీ. "అండాలు పెట్టే ప్రతి గొట్టానికీ ఇది ఉంటుంది. ఇద్దరు చూస్తే గానీ లోపల పెట్టరు."

రాజమ్మ ఆ చీటీని దగ్గరికి తెచ్చుకుని చూసింది. "నా బిడ్డ వద్దంటే పారేస్తరా? నా బిడ్డను అడగకుంట ఎవ్వలకన్న ఇస్తరా?"

"ఆవిడ సంతకం లేకుండా ఎవరూ ముట్టుకోరమ్మా. మీరు అడిగినా ఇవ్వం."

"నాకియ్యకుండ్రి. గదే మంచిది," అంది రాజమ్మ సంతృప్తిగా. పెళ్లయిన కొత్తలోనే ఇలాంటి డాక్టరమ్మ ఎదురైతే తన తల్లి ఇన్ని ప్రశ్నలూ అడిగేదే కదా అనుకుంది దివ్యశ్రీ, పడుకునే వింటూ.

విశ్రాంతి గదిలో ఉండగా దినేశ్ దగ్గరినుంచి మెసేజ్ వచ్చింది. ఎలా ఉన్నావని, అయిపోయిందా అని, తల్లి కొంచెం టైం అడుగుతోందని. దివ్యశ్రీ రెండుసార్లు చదివింది. నవ్వితే చిన్నవైపోయే ఆ కళ్లు గుర్తొచ్చాయి. ఆ కళ్ల కోసం ఇంకో నెల ఆగవచ్చు, రెండు నెలలు ఆగవచ్చు. కానీ ప్రతిసారీ తల్లి మాటనే మోసుకొచ్చే మనిషితో తనేం చేస్తుంది? నిదానంగా టైపు చేసింది.

"బాగున్న. అడిగినందుకు థ్యాంక్స్. మీ అమ్మకు ఎంత టైం కావాలంటే అంత ఇయ్యి. నేను మాత్రం ఎదురుచూడను దినేశ్. నువ్వు మంచోనివి. కానీ నేను మా అమ్మకు చెప్పినట్టు, నువ్వు మీ అమ్మకు చెప్పలేకపోయినవ్. ఇక్కడితో ఆపుదాం."

పంపాక కొంత బాధ కలిగింది. అది ఉండనిచ్చింది. పన్నెండింటికి పంపేశారు. బయట ఎండ కాస్తోంది. పొద్దుటినుంచి ఇద్దరూ ఏమీ తినలేదు. నాలుగడుగుల దూరంలో ఉన్న టిఫిన్ హోటల్లో, ఫ్యాను కింద బల్ల దగ్గర కూర్చుని ఇడ్లీ, దోసె చెప్పారు. దినేశ్‌కి ఏం రాసిందో దివ్యశ్రీ చెప్పింది. రాజమ్మ కొంతసేపు చట్నీలో వేలు ముంచి ఉంచి, "పోనీ తియ్యి" అంది. మొహంలో దిగులు ఒక్క క్షణం కనబడి పోయింది. పెళ్లి మీద ఆమెకి ఆశ చావలేదు, చావదు కూడా. వెంటనే కూతురి ఫోన్ అడిగి తీసుకుని అన్న రాజనర్సయ్యకి కలిపించింది. ఎప్పటిలాగే స్పీకర్ పెట్టింది.

"అన్నా, గా బేగంపేట పిలగాని సంబంధం వద్దనుకున్నం. లే లే, కొట్లాట ఏం గాలే. ఇంకోటి చూడు. గాని గీ ముచ్చట ముందుగాల్నే చెప్పి తీస్కరా, మల్ల లొల్లి వద్దు. నా బిడ్డయి ఏడు తీసి దాచిపెట్టిండ్రు. దసరా ఎల్లినంక ఇంకిన్ని తీస్తరు."

"ఏం దాచిపెట్టిండ్రే? బంగారమా?" అన్నాడు అవతల రాజనర్సయ్య, గొంతు తగ్గించి.

"బంగారమేంది! గుడ్లు, అన్నా, గుడ్లు! గంత మెల్లగ మాట్లాడుతవేంది? సిగ్గువడేటిదేమున్నది? కూసో, సమజ్ అయ్యేటట్టు చెప్త."

పక్క బల్ల దగ్గర ఉప్మా తింటున్న పెద్దాయన చెంచా గాలిలో ఆగింది. వడ్డించే మనిషి సాంబారు గిన్నెతో అక్కడే నిలబడిపోయాడు. రాజమ్మ అవేవీ పట్టించుకోకుండా, అండం వయసు ఎలా మారదో, డబ్బాల్లో ద్రవం ఎలా పోస్తారో, చీటీ మీద ఎన్ని గీతలుంటాయో, డాక్టరమ్మ చెప్పినదంతా వరసగా చెప్పుకుంటూ పోతోంది. దివ్యశ్రీకి నవ్వు ఆగడం లేదు. నవ్వితే కడుపు నొప్పి పుడుతోంది. ఒక చేత్తో పొట్ట పట్టుకుని, రెండో చేత్తో సాంబారు ఇటు పోయమని సైగ చేసింది.